కాపరి డైరీ: బల్లమీది తెల్లరాయి



మా సంఘములో ఒక యౌవనస్థుడు ఓడలలో ఇంజనీరుగా పని చేస్తున్నాడు. సెలవుమీద వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. విప్పి చూస్తే నిమ్మకాయంత రాయి. బూడిద రంగు. "నాలుకకు తగిలించి చూడండి అయ్యగారూ" అన్నాడు. చూశాను. ఉప్పు! నా వెనుకనే ఉన్న సండేస్కూలు పిల్లలు ఊరుకుంటారా? అరగంటలో ఆ రాయి పదిహేను నాలుకలు తిరిగి, సగం నున్నగా అయి నా దగ్గరకు వచ్చింది. మా అమ్మగారు దానిని కడగబోయి, కడిగితే కరిగిపోతుందని జ్ఞాపకం వచ్చి ఆగిపోయింది.

ఆ రాయి పోలెండు దేశములోని వియెలిచ్కా అనే ఊరిది. క్రాకో పట్టణానికి దగ్గర. ఓడ అక్కడి రేవులో ఆగిపోయిన రోజులలో మా అబ్బాయి రైలెక్కి వెళ్లి చూసి వచ్చాడట. మన ఉప్పు సముద్రములోనుండి వస్తుంది. సంతబొమ్మాళి మండలం నౌపడ వైపు వారికి నేను చెప్పనక్కరలేదు. మడులలో నీరు పట్టి, ఎండకు ఆరబెట్టి, పాదాలు పగిలేలా నిలబడి ఉప్పు పోగు చేసేవారు ఈ పత్రిక చదివే కుటుంబాలలోనే ఉన్నారు. అక్కడ అలా కాదు. కోటి సంవత్సరాలకు పైగా పూర్వం ఎండిపోయిన సముద్రపు ఉప్పు భూమి క్రింద రాయిగా గట్టిపడి ఉన్నది. 13వ శతాబ్దమునుండి మనుష్యులు దానిని బొగ్గు తవ్వినట్లు తవ్వారు. తొమ్మిది అంతస్తులు, 327 మీటర్ల లోతు. బండ్లు, చక్రాలు లాగడానికి గుర్రాలను కూడా దింపారు. వాటిలో కొన్ని లోపలే జీవితం గడిపేవి. 1978లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాల మొదటి పట్టికలోనే దానిని చేర్చారు. 1996లో ఉప్పు తవ్వకం ఆపివేశారు. ఇప్పుడు గైడు వెంట వందల మెట్లు దిగి చూసి రావలసిన చోటు అది.

మా ఇంజనీరును ఎక్కువ కదిలించినది అక్కడి ప్రార్థనా మందిరము. 101 మీటర్ల లోతున, 1896లో మొదలుపెట్టి, గనిపనివారే ఉప్పును చెక్కి కట్టుకున్నారు. బలిపీఠము ఉప్పు, నేల ఉప్పు, గోడమీది ప్రభురాత్రి భోజనపు చిత్రము ఉప్పు, పైన దీపాల గుత్తికి వేలాడే పూసలు కూడా ఉప్పే. రోమన్ కథోలిక్కు సహోదరులు ఇప్పటికీ ఆదివారం అక్కడ ఆరాధన చేసుకుంటారట. ప్రతి ఉదయం తిరిగి పైకి వస్తామో లేదో తెలియని దినాలలో గనిలోకి దిగేవారికి లోపల మోకరించే చోటు ఎందుకు కావలసివచ్చిందో నాకు అర్థమైంది. గనిలో దిగేవాని కష్టము ఎరిగినవారు యోబు గ్రంథము 28వ అధ్యాయము ఒకసారి తీసి చదవండి.

ఇక పిల్లలు పట్టుకున్నారు. "మమ్మల్ని కూడా ఉప్పుగనికి తీసుకువెళ్లండి అయ్యగారూ!" పోలెండు వరకు ఎక్కడ? ద్వారకానగర్ సందులో ఉండే మేము ఆర్టీసీ కాంప్లెక్సు దాటడమే గొప్ప. "భూమిలోకి దిగడమే కావాలంటే బొర్రా వెళ్దాం" అన్నాను. సంఘపెద్దలలో ఒకరు, గుహలో గుడి ఉన్నది కదా, మన పిల్లలకెందుకు అని అడిగారు. గుహను చేసినవాడు ఎవరో మన పిల్లలకు తెలుసు లెండి అన్నాను. ఆయన నవ్వి ఛార్జీలకు తన వంతు కూడా ఇచ్చారు.

తెల్లవారకముందే లేచి కిరండూల్ రైలు ఎక్కాము. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజం మన రేవుకు దింపి జపానుకు పంపడానికి 1960లలో వేసిన దారి అది. మొత్తం మీద 58 సొరంగాలు అంటారు. మా పిల్లలు బొర్రా వరకే లెక్కపెట్టి, ఎవరి లెక్కా ఎవరితో కలవక పోట్లాడుకున్నారు. పై నుంచి వచ్చే ఖనిజపు బండ్లు మమ్మల్ని రెండుచోట్ల ఆపేశాయి. మనుష్యులకంటే ఇనుమే ముందు పోవాలి ఆ దారిలో.

బొర్రా గుహలు అనంతగిరి మండలములో, విశాఖకు సుమారు 90 కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. ద్వారము సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, లోపల సుమారు 80 మీటర్ల లోతు. 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన ఒక దొర కనుగొన్నాడని పుస్తకాలన్నీ వ్రాస్తాయి. ఆ సంస్థ పుట్టినదే 1851లో! ఈ లెక్క ఎలా కుదురుతుందో వ్రాసినవారే చెప్పాలి. ఆంధ్రా యూనివర్సిటీ వారికి అక్కడ పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. అంటే దొరకంటే వేల సంవత్సరాల ముందే ఎవరో అక్కడ తలదాచుకున్నారన్నమాట.

మాకు దొరికిన గైడు ఆ చుట్టుపక్కల గూడెపు యువకుడే. చేతిలో టార్చిలైటు. పేలపిండి రాలినట్లు మాట్లాడతాడు. ఇది ఋషి గడ్డం, ఇది మొసలి, ఇది తల్లీ బిడ్డా అని వెలుగు వేసి చూపిస్తే, చూపించేవరకు రాయిగా ఉన్నది చూపించాక మొసలి అయిపోయేది. ఒకప్పుడు మేస్తున్న ఆవు పైకప్పు రంధ్రములోనుండి పడిపోతే, దానిని వెదుకుతూ వచ్చిన కాపరి లోపల శివలింగము వంటి రాయి చూశాడనీ, ఆవును బట్టే నదికి గోస్తనీ అని పేరు వచ్చిందనీ చెప్పాడు. అక్కడ ఆగి కన్నులు మూసుకొని నమస్కరించాడు. మావాళ్లు ఇద్దరు కిసుక్కున నవ్వారు. వారి భుజం పట్టి వెనక్కు లాగాను. మన ఆరాధనలో పొరుగువాడు వచ్చి నవ్వితే మనకెలా ఉంటుంది?

తరువాత అతడు చెప్పినది పిల్లలకు ఇప్పటికీ కంఠస్థమే. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ కప్పునుండి బొట్టు వేలాడినప్పుడు వాయువు పోయి, సున్నము పిసరంత అక్కడ అంటుకుంటుంది. మిగిలిన పిసరు క్రింద పడినచోట అంటుకుంటుంది. అలా పైనుండి ఒకటి దిగుతూ, క్రిందనుండి ఒకటి లేస్తూ ఉంటాయి. పెరుగుదల ఒక్కోచోట ఒక్కో తీరు గాని, సంవత్సరానికి సుమారు మిల్లీమీటరులో పదోవంతు అనుకోవచ్చునట. "చేతితో ముట్టకండి. చేతి జిడ్డు అంటితే సున్నం పట్టదు, అక్కడితో ఆగిపోతుంది" అన్నాడు.

ఆ గోస్తనీ నది గుహలోనుండి సాగి, క్రిందికి దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రములో కలుస్తుంది. మధ్యలో తాటిపూడి దగ్గర ఆనకట్ట. అక్కడి నీరు విశాఖపట్నానికి కూడా వస్తుంది. మన కుళాయిలో పట్టుకునే బిందెలో ఈ గుహ నీరు కూడా కొంత ఉంటుందని చెబితే ఒక చిన్నది "అందుకేనా అయ్యగారూ మా కుండ అడుగున తెల్లగా పేరుకుంటుంది?" అన్నది. నేను గైడు వంక చూశాను. అతడు నా వంక చూశాడు. ఇద్దరం జవాబు చెప్పలేదు.

మెట్లమీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటుండగా ఆ యువకునితో మాటలు కలిశాయి. తన తాతగారి కాలములో చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు కావడి కట్టుకొని శృంగవరపుకోట సంతకు దిగేవారట. తిరిగి తెచ్చుకునేది ఉప్పు. ఇంట్లో ఉప్పు కుండ ఉట్టిమీద ఉండేదట, పెద్దమ్మ తప్ప ఎవరూ దించకూడదట. మేము పిల్లల చేత నాకించిన రాయి సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతని తండ్రి కొండమీద కాల్సైట్ క్వారీలో దినకూలిగా రాయి కొట్టాడు. "మా రాయి మేమే కొట్టి లారీకి ఎత్తేవాళ్లం సార్" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ మాట మనసులో ఉండి, తరువాత మా ద్వారకానగర్ పౌర గ్రంథాలయములో కూర్చుని చదివాను. ఈ బొర్రా చుట్టుపక్కల గ్రామాలలోనే గిరిజనేతరులకు ప్రభుత్వమిచ్చిన గని లీజులమీద సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి తీర్పుతో వారు గెలిచారు. గిరిజన ప్రాంతములో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదన్న చట్టము ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందనీ, ప్రైవేటు వారికిచ్చిన లీజులు చెల్లవనీ అన్నారు. తవ్వకము జరిగేచోట లాభములో కనీసం 20 శాతము ఆ ప్రజల నీటికి, బడులకు, వైద్యానికి కేటాయించాలని కూడా చెప్పారు. దేశమంతా దానిని సమత తీర్పు అంటారు. కాగితముమీది తీర్పు కొండమీదకు ఎంత ఎక్కిందో కొండవారే చెప్పాలి. అయినా కూలిపని చేసుకునేవారి పక్షాన అంత పెద్ద మాట అంత పెద్ద కోర్టులో పలికారని మన పల్లెలలో ఎందరికి తెలుసు?

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను.

తిరుగు ప్రయాణములో, తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు జేబులోనుండి ఏదో తీసి స్నేహితునికి చూపించడం మా అమ్మగారి కంటపడింది. చిటికెన వేలంత సున్నపుపుల్ల. గుహలో వెనకబడి విరిచాడు. నాకు ఎక్కడలేని కోపము వచ్చింది. పెట్టెలో అందరి ఎదుట నిలబెట్టి అడిగాను. ఇది ఎన్ని సంవత్సరాలు పెరిగిందో లెక్కపెట్టమన్నాను. పాపం, వాడు లెక్కపెట్టాడు. "అయిదు వందలు, అయ్యగారూ." లూథరు భక్తుడు విటెన్‌బర్గులో తన వాదములు ప్రకటించిన 1517లోనో, మన రాయలవారు ఏలుతున్న దినాలలోనో మొదలైన బొట్టు ఇది, నువ్వు ఒక్క క్షణములో తుంచావు అన్నాను. దొంగతనము అన్న మాట కూడా వాడాను. వాడు తల వంచుకొని ఏడ్చాడు. కొంతసేపటికి, ఎదురు తిరిగి కాదు, నిజముగా తెలుసుకోవాలన్నట్లు అడిగాడు: "మీ బల్లమీద ప్రసంగం కాగితాలకు పెట్టుకునే తెల్లరాయి కూడా ఇక్కడిదే కదా అయ్యగారూ?"

అది ఇక్కడిదే. 2003లో వేదాంత విద్యార్థులముగా విహారయాత్రకు వచ్చినప్పుడు రోడ్డు పక్కన ఒక గూడెపు పిల్లవాడు అమ్ముతుంటే పది రూపాయలకు కొన్నాను. బేరమాడి కొన్నాను, పదిహేను అడిగాడు. అప్పటినుండి నా ప్రసంగాలన్నీ ఆ రాయి క్రిందే ఉన్నాయి. నేను కొన్నాను, నువ్వు విరిచావు, తేడా లేదా అని అనబోయాను. రైలు సొరంగములో దూరింది. వెలుతురు వచ్చేసరికి అనలేదు.

మూడు వారాల తరువాత శనివారము వాడూ నేనూ ఇద్దరమే ఆర్టీసీ బస్సులో వెళ్లాము. సంచిలో రెండు రాళ్లు. దారిలో ఇద్దరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. శృంగవరపుకోటలో ఇడ్లీ తిన్నాము. ఘాటురోడ్డులో వాడికి వాంతి అయింది. అందరి ముందు నిన్ను దొంగ అనడం నా తప్పు అని, కిటికీ దగ్గర వాడి వీపు రాస్తూ చెప్పాను. వాడు విన్నాడో లేదో తెలియదు, ఆ స్థితిలో.

గైడు మమ్మల్ని గుర్తుపట్టాడు. విషయము విని కోప్పడలేదు. పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని ఆ చోటికి తీసుకువెళ్లాడు. విరిగిన మొన తెల్లగా కనబడుతున్నది. చివర నీటిబొట్టు వేలాడుతున్నది. పుల్లను అక్కడ ఆనించి చూశాడు. "అతకదు తమ్ముడూ. కాని బొట్టు ఆగలేదు చూడు" అన్నాడు. దానిని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో వేరే ఊరివాళ్ల గుంపు వచ్చింది. చేతితో ముట్టకండి అని చెప్పేచోట ఆగి, జేబులోనుండి దానిని తీసి అందరికీ చూపించాడు. ఎవరు విరిచారో చెప్పలేదు. మావాడు స్తంభము వెనుక నిలబడి చివరివరకు విన్నాడు.

బయటకు వచ్చాక నా రాయి తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది గుహలోది కాదు సార్. క్వారీ రాయి. మా నాన్న కొట్టినదే అయి ఉండొచ్చు." కాసేపు ఆగి అడిగాడు: "ఇది నేను ఉంచుకోవచ్చా? ఇంటికి తీసుకెళ్లి చూపిస్తాను. చూపు ఆనదు గాని చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది ఆయనకు."

ఇంటికి వచ్చి ప్రసంగం కాగితాలమీద పోలెండు ఉప్పురాయి పెట్టాను. మన విశాఖ తేమ సంగతి మరచిపోయాను. వానలు పట్టిన మొదటి వారమే అది చెమ్మగిల్లి, ఆదివారపు ప్రసంగములో రెండవ పేజీ అంతా తడిపేసింది. ఇప్పుడు అది మా అమ్మగారి వంటింట్లో, మూతపెట్టిన సీసాలో ఉన్నది.