చెక్కకి కాదండీ, పికప్‌కి పెట్టండి డబ్బులు

"నైలాన్ తీగల ఎలక్ట్రిక్ గిటార్ కొనాలి, డైరెక్టుగా కంప్యూటర్లోకి రికార్డ్ చేసుకోవాలి" అని ఎవరైనా అడిగితే చాలు, సలహారావులు పొలోమని దిగిపోతారు. పైచెక్క సీడరా, స్ప్రూసా? పక్కలు రోజ్‌వుడ్డేనా? అసలు మైకు పెట్టకుండా చేసేది కూడా ఒక రికార్డింగేనా? ఈ ధోరణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అయ్యా, మైకు కంటే ముందు నిశ్శబ్దం కావాలి. మా సబ్బవరం మీదుగా అనకాపల్లి - ఆనందపురం హైవే పోతుంది, లారీలకి రాత్రీ పగలూ తేడా లేదు. మే నెలలో ఫ్యాను కట్టేసి ఎంతసేపు వాయిస్తారు? చప్పుడు దూరని గది కట్టుకోవాలంటే గిటార్ కంటే ఎక్కువవుతుంది. అలాంటి చోట ఉన్న కుర్రాడితో "మైకు పెడితేనే సంగీతం" అనడమంటే "నువ్వు రికార్డ్ చెయ్యకు" అనడమే. నా గొడవంతా అక్కడే.

ఇక అసలు విషయం. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండేది అయస్కాంతం పికప్. దానికి స్టీలు తీగ కావాలి. నైలాన్‌ని అది పట్టించుకోదు. లావు తీగల మీద చుట్టేది కూడా చాలావరకు వెండి పూత పూసిన రాగే, అదీ పనికిరాదు. అందుకే బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ కింద పీజో పికప్ పెడతారు. అది తీగ ఒత్తిడినే పడుతుంది, పెట్టె లోంచి గాల్లోకి వచ్చే శబ్దాన్ని కాదు. చెక్క ప్రభావం బొత్తిగా లేదనను. కానీ ఖరీదైన పెట్టె మోతలో ఎక్కువ భాగం మీ ఒళ్ళోనే మిగిలిపోతుంది, కేబుల్లోకి రాదు. గిబ్సన్ వాళ్ళు 1982లోనే ఛెట్ ఆట్కిన్స్ పేరుతో సౌండ్ హోల్ పెట్టె లేని నైలాన్ గిటార్ తెచ్చారు. యమహా సైలెంట్ గిటార్‌కైతే పెట్టే ఉండదు, ఫ్రేమే!

మరి ఏం చూడాలి? ఆరు తీగలూ సమానంగా వినబడుతున్నాయా? లోపల ప్రీయాంప్ ఉందా? లేకపోతే మీ ఇంటర్‌ఫేస్‌కి 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉండాలి, మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే బేస్ సగం చచ్చిపోతుంది. నట్ వెడల్పు ఎంత? క్లాసికల్ చెయ్యికి 52 మిల్లీమీటర్లు, మామూలు గిటార్ నుంచి వచ్చేవాళ్ళకి 48 హాయి. కొట్లో ఆంప్‌లో రెవర్బ్ వేసి వినిపిస్తే ఏదైనా తియ్యగానే ఉంటుంది. మీ ఇంటర్‌ఫేస్, మీ హెడ్‌ఫోన్లు పట్టుకెళ్ళండి. గట్టిగా మీటి వినండి.

"పీజో శబ్దం ప్లాస్టిక్‌లా ఉంటుంది కదా" అంటారు. నిజమే, గట్టిగా మీటితే కీచుమంటుంది. దానికి ఈక్వలైజర్ ఉంది, మైకుతో తీసిన గిటార్ ఇంపల్స్ రెస్పాన్స్ కలిపే పద్ధతి ఉంది. మంచి గదిలో మంచి మైకు ఇంకా బాగుంటుంది, ఒప్పుకుంటా. ఆ గది మీ దగ్గర ఉంటే హాయిగా వాడుకోండి. లేనివాణ్ణి వెక్కిరించకండి.

అయినా ఈ మాట మనకెవరైనా కొత్తగా చెప్పాలా? పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969-2014) ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. మామూలు మాండొలిన్‌లో స్వరం ఇట్టే ఆరిపోతుంది, గమకానికి కావాల్సిన నిడివి కరెంటే ఇచ్చింది. అక్కడ స్టీలు తీగ, ఇక్కడ నైలాన్. వాదన మాత్రం ఒకటే.

కొట్టువాడు ప్లగ్గు పెట్టి విననివ్వకపోతే నిక్షేపంగా లేచి వచ్చెయ్యండి. సీడరా స్ప్రూసా అన్నది నాలుగు పాటలు రికార్డ్ చేశాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు :)