అద్దె గోడపై మన చిత్రాలు

పూర్వం ఒక విషయాన్ని పదిమందికి తెలుపదలచినవాడు అచ్చుయంత్రాన్ని ఆశ్రయించవలసి వచ్చేది. నేడు బెల్లంపల్లి విద్యార్థి జేబులోని సెల్‌ఫోన్‌తో వీడియో తీసి, గడియలో లోకానికి చూపగలుగుతున్నాడు. 2005లో యూట్యూబు వెలసిన నాటినుండి ఈ సౌలభ్యం క్రమంగా సామాన్యునికి అందివచ్చింది. గోదావరికి ఆవలి ఒడ్డున, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో, శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో ప్రారంభించిన 'మై విలేజ్ షో' ఇందుకు చక్కని నిదర్శనం. పల్లె యాసనే నమ్ముకొన్న ఆ చిత్రాల ద్వారా, కూలిపనులు చేసుకొని బ్రతికిన మిల్కూరి గంగవ్వ తెలుగువారందరికీ సుపరిచితురాలయింది.

మన విద్యార్థులలోనూ సొంత వీడియో దినచర్యలు నడిపేవారున్నారు. వారి ఉత్సాహాన్ని మేము మనసారా అభినందిస్తున్నాము. అయితే ఒక ప్రశ్న వేయక తప్పదు: తీసిన వీడియో ఎక్కడ భద్రంగా ఉంటున్నది?

వీడియోను సొంత వెబ్‌సైటులోనే నిలువచేయడం ఒక పద్ధతి. ఇది ఖర్చుతో కూడినది. ఒక గిగాబైటు వీడియోను నూరుగురు పూర్తిగా చూస్తే నూరు గిగాబైట్ల రవాణా జరుగుతుంది. ఆ భారం మనదే. రెండవది, యూట్యూబు వంటి సంస్థ వద్ద ఉంచి, మన పుటలో పొదుగుకోవడం. ఇది సులభం, ఉచితం. కాని నగలో పొదిగిన రత్నం నగదే అవుతుంది. పుటలో పొదిగిన వీడియో మాత్రం అవతలి సంస్థ అధీనంలోనే ఉంటుంది. అక్కడ తొలగిస్తే ఇక్కడ ఖాళీ చట్రం మిగులుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. గూగుల్ సంస్థ తన 'గూగుల్ వీడియో'ను 2012లో మూసివేసింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. మూలప్రతి తమ వద్ద దాచుకొన్నవారు మరొకచోట మొదలుపెట్టగలిగారు. దాచుకొననివారి శ్రమ వారికే దూరమయింది.

మన పట్టణానికి ఈ విషయం మరింత ముఖ్యం. బెల్లంపల్లి గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. బాయిలో దిగి బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్ల జ్ఞాపకాలు పుస్తకాలకెక్కినవి కొన్నే. ఉర్దూలోనో తెలుగులోనో ఆ తాతలు చెప్పే మాట, ఆ గొంతు, ఆ యాస వీడియోలోనే నిలుస్తాయి. అటువంటి సంపదను పరుల గోడకు తగిలించి నిశ్చింతగా నిద్రపోవడం విజ్ఞత అనిపించుకోదు.

అందుచేత విద్యార్థులకు మా మనవి: వీడియోను యూట్యూబులో ఉంచండి, మీ పుటలో పొదగండి, కాని మూలప్రతిని రెండు వేర్వేరు చోట్ల దాచండి. తీసిన తేదీ, స్థలం, మాట్లాడినవారి పేరు, వారి సమ్మతి వ్రాసి పెట్టండి. 1996లో స్థాపితమైన, లాభాపేక్ష లేని 'ఇంటర్నెట్ ఆర్కైవ్' కూడా ఉచితంగా ఒక ప్రతిని స్వీకరిస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: గ్రంథాలయంలో పుస్తకాల బీరువా ప్రక్కన రెండు హార్డుడిస్కులకు చోటు కల్పించండి. వాటి బాధ్యతను ఒక అధ్యాపకునికి అప్పగించండి. ముషాయిరాలు, కవిసమ్మేళనాలు, విశ్రాంత కార్మికుల అనుభవాలు అందులో చేరనివ్వండి. ఖర్చు స్వల్పం. ఆలస్యమైతే మాత్రం, గని మూతపడినట్లే ఆ గొంతులూ మూగబోతాయి. వాటిని తిరిగి తెరవగల యంత్రమేదీ లేదు.