లైసెన్సు మాల్టాది, నష్టం పొరుగువారిది

ఆన్‌లైన్ జూదానికి ఐరోపా సమాఖ్యలో అందరికన్నా ముందు నిబంధనలు రాసుకున్న దేశం మాల్టా. 316 చదరపు కిలోమీటర్ల ఆ ద్వీపదేశం 2004లోనే ఆ పని చేసింది. లైసెన్సు గడువు పదేళ్లు. ఆటగాళ్ల సొమ్మును కంపెనీ తన డబ్బులో కలపకూడదు. నన్ను ఆడనివ్వకండని ఎవరైనా కోరితే ఆపి తీరాలి. ఇవి మంచి నియమాలే.

చిక్కల్లా, ఆడేవారిలో అత్యధికులు పరాయి దేశాలవారు కావడం. తమ దేశపు లైసెన్సు లేని కంపెనీల దగ్గర పోగొట్టుకున్న సొమ్మును తిరిగి ఇచ్చేయాలని ఆస్ట్రియా కోర్టులు తీర్పులిచ్చాయి. ఆ తీర్పు పట్టుకుని బాధితుడు మాల్టా గడప తొక్కితే ఏమవుతుంది? అక్కడి చట్టానికి లోబడి నడిచిన కంపెనీపై వచ్చిన విదేశీ తీర్పును మాల్టా కోర్టులు తిరస్కరించాలని 2023లో ఆ దేశపు జూద చట్టంలో చేర్చిన 56ఏ సెక్షన్ చెబుతోంది. చిన్న దేశానికి పన్నులు, కొలువులు ముఖ్యమే, కాదనం. కానీ కేసు గెలిచినవాడికీ పైసా దక్కనివ్వని చట్టాన్ని నియంత్రణ అనలేం. అది కంపెనీలకు కాపలా. ఐరోపా కమిషన్ 2025లో దీనిపై చర్యలు మొదలుపెట్టింది. అవి తేలేదాకా ఆగకుండా మాల్టా పార్లమెంటే ఈ సెక్షన్‌ను రద్దు చేయాలి.