ఆసమాన్ బంద్ అనే బహానా



మన బంజారా హిల్స్, పంజాగుట్ట వైపు కొందరు ఉమ్రా ఏజెంట్లకు ఒక మాట బాగా అలవాటైంది: "ఎయిర్‌స్పేస్ బంద్ హై, కిరాయా బఢ్ గయా." మా ఖాలాజాన్ నలుగురికీ పైసలు కట్టేశాక, ఒక ఏజెంట్ ఇదే చెప్పి మనిషికి ఇంకో ఆరు వేలు అడిగాడు. పెన్షన్‌లోంచి దాచుకున్న పైసలవి. అల్లాహ్ ఇంటికి పోతూ తకరార్ ఎందుకని ఇచ్చేసింది.

ఆ తకరార్ నేను చేస్తాను.

2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన దేశపు విమానాలకు తన ఆసమాన్ మూసింది. 30న మన హుకూమత్ కూడా వాళ్ళ విమానాలకు మూసింది. సహీ. కానీ దెబ్బ తగిలింది ముఖ్యంగా ఢిల్లీ లాంటి ఉత్తరాది ఊళ్ళ నుంచి పడమటికి ఎగిరేవాటికి. ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు కొన్ని చుట్టు తిరిగి, వియన్నాలో దిగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది. సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసే ఆపేశారు. బోయింగ్ 787లను బాగుచేయడానికి పంపడం ఒక కారణం, ఈ బంద్ ఇంకొకటి. అక్కడ మజ్‌బూరీ అసలైనదే.

ఇప్పుడు పిల్లల గ్లోబు ముందర పెట్టుకుని శంషాబాద్ నుంచి జెద్దాకు దారం పట్టండి. సుమారు 4,000 కిలోమీటర్లు. ముంబై వైపు, అరేబియా సముద్రం, ఒమన్, తర్వాత సౌదీ ఎడారి. పాకిస్తాన్ ఎక్కడో ఉత్తరాన ఉండిపోతుంది. పైగా వాళ్ళు మూసింది మన దేశపు కంపెనీలకు, సౌదియాకు కాదు. మరి ఈ దారిలో కిరాయా పెంచిన బంద్ ఏది భాయ్?

గాలి పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. చలికాలంలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున హవా పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. అందుకే జెద్దా పోయేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువ. వానాకాలంలో మన దక్షిణాది మీద, ఇంకా పైన, ఉల్టా వీస్తుంది. ఆ తూర్పు జెట్ గాలి గురించి 1958లోనే మన పి. కోటేశ్వరం రాశారు, తర్వాత ఆయన దేశ వాతావరణ శాఖకే డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఇది ప్రతి సాల్ ఉండే హవా. కంపెనీలు టైమ్‌టేబుల్ వేసేటప్పుడే లెక్క కట్టుకుంటాయి. టికెట్ అమ్మాక దాని పేరున వసూలేమిటి?

నిజంగా ఇరుక్కునే రోజులు లేవనను. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ దాడి తర్వాత ఇరాన్, ఇరాక్ ఆసమాన్ మూతపడింది. 23 రాత్రి ఖతర్ కూడా కొన్ని గంటలు మూసింది. దోహా మీదుగా పోయే ముసాఫిర్లు పరేషాన్ అయ్యారు. అలాంటప్పుడు ఏజెంట్ చెబితే వింటాం. తారీఖు చెప్పాలి, దారి చెప్పాలి.

జాయిరీన్ పైసా అతని చేతిలో అమానత్. కాబట్టి అమ్మీ, అబ్బా షర్మ్ పడితే మీరు అడగండి: ఏ కంపెనీ? నేరుగానా, దోహా మీదుగానా? మూసింది ఏ దేశం, ఎవరికి? కంపెనీ రేటు పెంచినట్టు కాగితం ఏది? జవాబు నోటితో కాదు, రసీదు మీద రాసి సంతకం పెట్టమనండి.