ఏడుపు కవిత్వం ఎందుకంటే...

కిందటేడు మా టీమ్‌లో ఒకడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. నాలుగేళ్ళు నా పక్క సీట్లో కూర్చున్నవాడు. ఆఫీసు నుంచి సంతాపం మెయిల్ వచ్చింది, మూడు వాక్యాలు. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. ఛీ అనుకున్నా. తీరా వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి నేను అన్నదేమిటి? "ధైర్యంగా ఉండండమ్మా". అంతే, పెట్టేశా. నాదీ టెంప్లేటే!

ఆ రాత్రి నిద్ర పట్టక "మహాప్రస్థానం" తీశాను. హాస్టల్లో ఆ గేయాలు గొంతు చించుకుని చదివిన బ్యాచే మాది. కానీ మొదట్లో కొంపెల్ల జనార్దనరావు మీద ఉన్న కవిత వస్తే మాత్రం, అంకితం గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పేసేవాణ్ణి. "ఉదయిని" పత్రిక నడిపి, చిన్న వయసులోనే పోయిన స్నేహితుడాయన. 1950లో పుస్తకం వచ్చినప్పుడు శ్రీశ్రీ దాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అందులో ఓదార్పు మాటలేం లేవు. పోయినవాణ్ణి ఎదురుగా ఉన్నట్టే పిలిచి మాట్లాడతాడు. అతన్ని పట్టించుకోని లోకం మీద కోప్పడతాడు. కవిత అయ్యేసరికి మనకి ఆ మనిషి తెలుస్తాడు.

విశ్వనాథ సత్యనారాయణ అంటే మనకి "వేయిపడగలు", జ్ఞానపీఠం. ఆయనే భార్య పోతే "వరలక్ష్మీ త్రిశతి" రాశాడు. పుస్తకం పేరులోనే ఆవిడ పేరు! అది ప్రేమ కవిత్వమా, శోక కవిత్వమా అంటే నేను చెప్పలేను. నా మటుకు నాకు రెండూ ఒకటే.

ఇక జాషువా "శ్మశానవాటి". ఆ పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులోకి వచ్చేసి, నాటకంలోవే అనిపించేంతగా కలిసిపోయాయి. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా వన్స్‌మోర్ కొట్టి మరీ విన్నారు. హరిశ్చంద్రుడి కోసమేనా? ఎవరింట్లో పోయినవాళ్ళు వాళ్ళకి గుర్తొచ్చి ఉంటారు.

"అసలే డెడ్‌లైన్లతో చస్తుంటే మళ్ళీ ఈ ఏడుపొకటా?" అంటాడు మా రూమ్మేట్. వాడి బాధ నాకూ తెలుసు. కానీ ఏడుపు చదవడం వల్ల రాదు, అది ఎలాగూ వస్తుంది. వచ్చినప్పుడు మన దగ్గర ఆఫీసు మెయిల్లో మాటలు తప్ప వేరే మాటలు లేకపోతే ఎలా?

వారం తర్వాత వాళ్ళమ్మగారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ధైర్యం సంగతి ఎత్తలేదు. నా డబ్బాలో పులిహోర కాజేసి "ఉప్పు తక్కువైందిరా" అని వంకలు పెట్టేవాడని చెప్పాను. ఆవిడ నవ్వారు. తర్వాత ఏడ్చారు. తర్వాత వాడి చిన్నప్పటి సంగతులు నలభై నిమిషాలు చెప్పారు. నేను వింటూ కూర్చున్నాను.

మీకూ ఇలా పేజీ తిప్పేసిన కవితలుంటే, ఓసారి వెనక్కెళ్ళి చదవండి.