టోకు ఆట, చిల్లర ఆట



పల్లెలో కిరాణా కొట్టు నడుపుకునేవారికి, జాతరల్లో బొమ్మల దుకాణం వేసేవారికి హైదరాబాదులోని బేగంబజారును నేను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్ళిన మనిషి అక్కడికి చేరకుండా ఉండడు. స్టీలు సామాను, ప్లాస్టిక్ బకెట్లు, ఎండుద్రాక్ష, పిల్లల ఆటవస్తువులు అన్నీ అక్కడ టోకున దొరుకుతాయి. డజనుకు ఒక ధర, గ్రోసుకు మరొక ధర. అక్కడ టోకున కొన్నదానిని ఊరికి తెచ్చి చిల్లరగా అమ్ముతారు. ఒక్కొక్క వస్తువు మీద చూస్తే లాభం చిల్లరలోనే ఎక్కువని ఆ గల్లీలలో మూట మోసే కుర్రవాడికి కూడ తెలుసు.

ఈ మాసం వీడియో ఆటలను గురించి వ్రాయబోతూ బేగంబజారును ఎందుకు తెచ్చానంటే, ఆ ఆటలలో కూడ టోకు, చిల్లర అని రెండు ఉన్నవి. కొందరు రాత్రి కూర్చుని రెండు మూడు గంటలు ఏకబిగిన ఆడతారు. వీరిని గేమర్లు అంటారు. మరికొందరు బస్సు వచ్చేలోగా ఐదు నిమిషాలు, అన్నం ఉడికేలోగా పది నిమిషాలు ఆడతారు. వీరు తమను గేమర్లని అనుకోరు, ఎవరైనా అంటే నవ్వుతారు. వీరు ఆడేవాటికి క్యాజువల్ గేమ్స్ అని పేరు. నేను చిల్లర ఆటలంటాను. మొదటివారు రెండవవారిని చూచి ఎందుకు మూతి విరుస్తారు, వారి మాటలో న్యాయమెంత అన్నదే ఈసారి విషయం. మన ఇండ్లలో తండ్రికీ కొడుకుకూ మధ్య దీనివలన మాటలు తగ్గుతున్నవి గనుక, ఇది పిల్లల సంగతి అని త్రోసివేయలేము.

1990లలో పెరిగినవారికి బ్రిక్ గేమ్ గుర్తుండే ఉంటుంది. రెండు పెన్సిలు సెల్లులు వేస్తే చాలు, చిన్న అద్దం మీద నల్లని గళ్ళు పైనుండి క్రిందికి దిగేవి. పెట్టె మీద 9999 ఆటలని వ్రాసి ఉండేది. లోపల మాత్రం వ్రేళ్ళమీద లెక్కించదగినన్నే. ఆ గళ్ళ ఆట 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటరు ఉద్యోగి తయారుచేసిన టెట్రిస్. 1990లో విండోస్‌తోబాటు ఆఫీసులకు పేకముక్కల సాలిటేర్ వచ్చింది. మౌస్ పట్టుకోవడం ఉద్యోగులకు అలవాటు చేయడానికని పెట్టారట. అలవాటు బాగానే అయింది. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చింది. మన పెద్దలలో చాలామంది ఆడిన మొదటి వీడియో ఆట అదే. కాబట్టి చిల్లర ఆట నిన్న మొన్న పుట్టినది కాదు.

ఇంకొక ప్రక్క టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టి ఆడే ఆటలు ఉండేవి. కాంట్రా అనే ఆటలో మూడే ప్రాణాలు.  దానిని చివరిదాకా ఆడినవాడు వీధిలో వీరుడు. తరువాత నగరంలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చినవి, అక్కడ గంటకు ఇంత అని కట్టి యువకులు జట్లుగా కౌంటర్ స్ట్రైక్ ఆడేవారు. ఆపైన 2018లో పబ్‌జీ ఫోనులోనికే వచ్చింది. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం దానిని నిషేధించింది. 2021 జూలైలో బీజీఎంఐ అనే పేరుతో మన దేశానికి వేరుగా విడుదలయ్యింది. నేర్చుకోవాలి, ఓడాలి, మళ్ళీ నేర్చుకోవాలి – ఇదీ ఈ ఆటగాళ్ళ గర్వం. వారు దానిని విద్య అంటారు. మనం కాలయాపన అంటాం. కాని నైపుణ్యం ఉన్న మాట అబద్ధం కాదు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ క్రిందికి తెచ్చింది. 2023లో చైనాలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో వాటికి పతకాలు ఇచ్చారు.

ఇలాంటివారికి మొదటి దెబ్బ 2006లో తగిలింది. జపానుకు చెందిన నింటెండో కంపెనీ వీ అనే యంత్రాన్ని తెచ్చింది. చేతిలో కర్రవంటి దానిని పట్టుకుని ఊపితే తెరమీద టెన్నిస్ బంతి ఎగురుతుంది. బటన్లు నేర్చుకోనక్కరలేదు. అమెరికాలో వృద్ధాశ్రమాలలోని అవ్వలు, తాతలు దానితో బౌలింగ్ ఆడారు. పది కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ఆటగాళ్ళకు భయం పట్టుకుంది: ఇక కంపెనీలు అవ్వల కోసమే ఆటలు చేస్తాయి, మనలను ఎవరు పట్టించుకుంటారు? పెద్ద కొడుకు ఉన్న ఇంట్లో చంటిబిడ్డ పుట్టినప్పుడు పెద్దవాడు ముఖం మాడ్చుకుంటాడు చూడండి, అలాంటిదే.

2009లో ఫార్మ్‌విల్ అనే ఆట ఫేస్‌బుక్‌లో వచ్చింది. అది వ్యవసాయం ఆట. దున్నాలి, నాటాలి, కోయాలి. స్ట్రాబెర్రీ 4 గంటలలో చేతికి వచ్చేది! మన రైతు సహోదరులు నవ్వుకుంటారేమో గాని, 2010 నాటికి నెలకు 8 కోట్లకు పైగా మనుష్యులు ఆ చేను చూసుకున్నారు. సమయానికి వచ్చి కోయకపోతే పంట ఎండిపోయేది. అదే కిటుకు. మీకు ఆట మీద ఇష్టం ఉన్నా లేకున్నా పంట పోతుందన్న దిగులు మిమ్మును వెనుకకు లాగుకొస్తుంది.

దీనిని వెక్కిరించడానికి 2010లో ఇయాన్ బొగోస్ట్ అనే అమెరికా ఆచార్యుడు ఒక ఆట చేశాడు. దాని పేరు కౌ క్లిక్కర్. మీకు ఒక ఆవు బొమ్మ ఇస్తారు. దానిని ఒకసారి నొక్కాలి. మళ్ళీ ఆరు గంటలు ఆగి నొక్కాలి. అంతే. పాలు లేవు, పేడ లేదు, మేత లేదు. త్వరగా నొక్కాలంటే డబ్బు కట్టవచ్చు. ఇంత బుద్ధిలేని ఆటను చూస్తే జనం తమను తాము చూసుకుని సిగ్గుపడతారని ఆయన తలంపు. జనం సిగ్గుపడలేదు, ఆడారు! 50 వేలకు పైగా మనుష్యులు ఆవును నొక్కారు, కొందరు డబ్బు కూడ కట్టారు. 2011లో ఆయన ఆవులన్నిటినీ మాయం చేశాడు. ఆవు నిలిచిన ఖాళీ స్థలం మాత్రం ఉంచాడు. కొందరు ఆ ఖాళీ స్థలాన్ని కూడ నొక్కుతూనే ఉన్నారు.

ఈ సంగతి చదివి నేను చాలాసేపు నవ్వాను. తరువాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ నొక్కినవారిలో చాలామంది స్నేహితులతో కలిసి నొక్కారు. ఒకరి ఆవును ఒకరు నొక్కి పలుకరించుకున్నారు. వెక్కిరించబోయిన ఆచార్యునికి కనబడనిది అందులో కొంత ఉన్నది.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. తండ్రి బేగంబజారులో ఒక పాత్రల దుకాణంలో గుమాస్తా. లారీ వచ్చేదాకా, సేటు భోజనం చేసి వచ్చేదాకా, ట్రాలీ ఆటో దొరికేదాకా ఆయన పని నిలబడి ఎదురుచూడటమే. ఆ వేళలలో ఫోను తీసి లూడో కింగ్ గాని, క్యాండీ క్రష్ గాని ఆడతాడు. కొడుకు డిగ్రీ చదువుతూ రాత్రి పదికి నలుగురు స్నేహితులతో బీజీఎంఐ ఆడతాడు. ఒక ఆదివారం ఆరాధన తరువాత నేను వారి ఇంటికి వెళ్ళినప్పుడు తండ్రి కొడుకు మీద ఫిర్యాదు చేశాడు. కొడుకు ఊరుకోలేదు. "మీరు ఆడేది గేమే కాదు డాడీ, ఉత్త టైంపాస్. నేను ఆడేది నేర్చుకుంటేనే వస్తుంది, మీది ఎవరైనా ఆడతారు" అన్నాడు. తండ్రి ముఖం చిన్నబోయింది. "నేను పది నిమిషాలేరా ఆడేది" అన్నాడు.

తల్లి ఆ ఇద్దరి ఫోనులను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏ యాప్‌ను ఎంతసేపు వాడామో ఫోను తానే లెక్క వ్రాసి పెడుతుంది, సెట్టింగ్స్‌లో చూడవచ్చు. కొడుకు ఆట రోజుకు రెండు గంటల చిల్లర. తండ్రి పది నిమిషాలన్నీ కూడితే అంతకంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. ఎవరూ మాట్లాడలేదు. కొడుకు కూడ నవ్వలేదు, అది వాని మంచితనం.

ఇక్కడ ఒకటి గమనించండి. కొడుకు ఆట ముగుస్తుంది. ఒక్కొక్క పోటీ అరగంట, గెలిచినా ఓడినా అయిపోయినట్టే. ఎంతసేపు ఆడాడో వానికి తెలుసు. క్యాండీ క్రష్‌లో అలా కాదు. ఐదు ప్రాణాలు ఇస్తారు, అయిపోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. మెట్టు తరువాత మెట్టు, ఇప్పుడు వేల మెట్లు దాటినవి. చివరి మెట్టుకు చేరితే కొత్తవి చేర్చుతారు. అంటే ముగింపు లేని ఆట. గేమర్లు చేసే ఫిర్యాదులలో నాకు నిజమని తోచినది ఇదే. "అందులో ఓడించవలసిన శత్రువు లేడు అయ్యగారూ, ఆడేవాడి ఓపికనే ఓడిస్తారు" అన్నాడు ఆ కుర్రవాడు. గ్రంథాలు చదివిన నేను ఇంత సూటిగా చెప్పలేకపోయేవాడిని.

చిల్లరలో లాభం ఎంతో కంపెనీలకు బాగా తెలుసు. యుద్ధపు ఆటలకు పేరుపడిన యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీ 2016లో క్యాండీ క్రష్ చేసిన కింగ్ కంపెనీని 590 కోట్ల డాలర్లకు కొన్నది. తుపాకులు అమ్మేవాడు మిఠాయి దుకాణం కొన్నట్టు. గేమర్లు నోరు వెళ్ళబెట్టారు. బేగంబజారు సేటును అడిగి ఉంటే ముందే చెప్పేవాడు.

కాని ఆ కుర్రవానితో నేను ఏకీభవించనిది కూడ ఉన్నది. తండ్రి ఆడేది ఆట కాదనడం. పచ్చీసు మన దేశపు ఆట. ఇంగ్లాండులో 1896లో దానినే మార్చి లూడో అని పేటెంటు తీసుకున్నారు. 2016లో ముంబై ప్రక్కన ఒక చిన్న కంపెనీ దానిని ఫోనులోనికి తెచ్చి లూడో కింగ్ అన్నది. 2020 లాక్‌డౌనులో ఎన్ని కుటుంబాలు ఆ బోర్డు చుట్టూ కూర్చున్నవో మీకే తెలుసు, దుబాయిలో ఉన్న కొడుకు, కరీంనగరులో ఉన్న తల్లి ఒకే బోర్డు మీద పావులు నడిపారు. మన అవ్వలు గవ్వలతో, చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడినప్పుడు అది ఆట కాదని ఎవరూ అనలేదు. రోజంతా నిలబడి ఎదురుచూచే మనిషికి రెండు గంటలు ఏకంగా ఎక్కడ దొరుకుతాయి? ఉన్న చిల్లరతోనే కొనుక్కోవాలి.

మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల ఉపమానం మీకు తెలుసు. తెల్లవారినప్పటినుండి ఎండలో పనిచేసినవారు, సాయంకాలం వచ్చినవారికి కూడ అంతే కూలి ఇచ్చేసరికి సణిగారు. సంఘంలో కూడ క్రిస్మస్‌కు మాత్రమే కనబడేవారిని చూచి ముందు వరుసవారి మూతి ఎలా వంకరపోతుందో నేను వేదిక మీదనుండి ప్రతి ఏటా చూస్తున్నాను. గేమర్ల సణుగుడు ఆ జాతిదే.

ఆటలు చేసేవారిలో అందరూ ఒక్కటే అని కూడ అనకూడదు. వియత్నాం దేశంలో డాంగ్ న్గుయెన్ అనే యువకుడు 2013లో ఫ్లాపీ బర్డ్ అనే చిన్న ఆట చేశాడు. పక్షిని గొట్టాల మధ్యనుండి ఎగిరించాలి, అంతే. 2014 జనవరికల్లా అది లోకమంతా పాకింది. ప్రకటనల ద్వారా రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నవని పత్రికలు వ్రాసినవి. ఫిబ్రవరిలో ఆయన దానిని తీసివేశాడు. తీరిక దొరికినప్పుడు కొద్ది నిమిషాలు ఆడుకోవడానికి చేసినది జనానికి వ్యసనమైపోయిందని, అందుకే తీసివేశానని చెప్పాడు. డబ్బు వస్తున్న కొట్టును ఇలా మూసినవారు వ్యాపారంలో ఎందరున్నారు?

అసలు ప్రమాదం వేరొక తలుపు నుండి వస్తుంది. లూడో బోర్డు అదే, పేకముక్కలు అవే, ప్రక్కన పందెం చేరుతుంది. పందెం కాసే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతట నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని మామూలు ఆటలను మాత్రం వేరుగా ఉంచింది. చట్టం వచ్చినా "డబ్బు వేయండి, రెట్టింపు తీసుకోండి" అని లింకులు పంపేవారు ఉంటారు. వాటిని నొక్కేది ఎక్కువగా గేమరు కాదు, వానికి తన ఆటే చాలు. పది నిమిషాల మనిషే నొక్కుతాడు.

అందుచేత తల్లిదండ్రులారా, పిల్లవాని ఫోను అడిగే ముందు మీ ఫోనులో సెట్టింగ్స్ తెరచి, డిజిటల్ వెల్‌బీయింగ్ అన్నచోట వారం లెక్క చూడండి. పిల్లలు ప్రక్కన ఉండగానే చూడండి. ప్రాణాలు నిండినవి, పంట కోతకు వచ్చినది అని ఆట పంపే కబుర్లను, అంటే నోటిఫికేషన్లను, ఆపివేయండి. ప్లే స్టోరులో ఏది కొనాలన్నా ముందు పాస్‌వర్డు అడిగేలా పెట్టుకోండి. ఎలా పెట్టాలో తెలియకపోతే మీ ఇంట్లో ఉన్న గేమర్‌ను అడగండి. ఐదు నిమిషాలలో చేసిపెడతాడు.