రాష్ట్రం మారితే... లైసెన్సు వెంట రాదు!

టెక్సస్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న ఒక తెలుగమ్మాయిని ఊహించుకోండి. పీజీ తర్వాత సూపర్‌వైజర్ పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేసి, పరీక్ష రాసి లైసెన్సు సంపాదించింది. ఇంతలో భర్తకు న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో సామానంతా సర్దేయొచ్చు కానీ లైసెన్సును సర్దుకుని వెళ్లడం కుదరదు. అక్కడి బోర్డుకు కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సిందే. ఆఖరికి హోదా పేరు కూడా వేరు. టెక్సస్‌లో ఎల్‌పీసీ, న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ.

ఎందుకీ చిక్కు?

అమెరికాలో ఈ వృత్తుల లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కోర్సు క్రెడిట్లు, పర్యవేక్షణ గంటలు, పరీక్షలు ఎవరివి వారివే. ‘ఆన్‌లైన్‌లో చేసుకుంటే పోలేదా?’ అనుకోవద్దు. సాధారణంగా క్లయింటు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి అనుమతి కావాలి. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కోసం వెతికే కుటుంబాలకూ ఇదే అడ్డంకి.

ఒప్పందాలతో ఊరట

దీనికి పరిష్కారంగా రాష్ట్రాల మధ్య ఒప్పందాలు వచ్చాయి. సైకాలజిస్టుల కోసం 2020లో అమల్లోకి వచ్చిన ‘సైప్యాక్ట్’లో ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలున్నాయి. సభ్య రాష్ట్రాల్లోని క్లయింట్లకు టెలిహెల్త్ సేవలు అందించవచ్చు. నేరుగా వెళ్లి ఏడాదికి ఒక్కో రాష్ట్రంలో 30 రోజుల వరకు పనిచేయవచ్చు. అయితే డాక్టరేట్ తప్పనిసరి. పైగా 2025 నాటికి కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇందులో చేరలేదు.

పీజీతో పనిచేసే కౌన్సెలర్లకు మరో ఒప్పందం ఉంది. 2022లోనే 10 రాష్ట్రాలు చట్టం చేసినా, అనుమతుల జారీ 2025 దాకా మొదలు కాలేదు. కాగితం మీద ఒప్పందం ఉండటం వేరు, చేతికి అనుమతి రావడం వేరు! ఇంకో సంగతి. ఇది లైసెన్సు బదిలీ కాదు. సొంత రాష్ట్రంలో పూర్తి స్థాయి లైసెన్సు ఉన్నవారికే ఇతర రాష్ట్రాల్లో పనిచేసే వీలు. శిక్షణ గంటలు పూర్తికాని కొత్తవారికి ఇది వర్తించదు. అంటే, సాయం ఎక్కువ అవసరమైన వాళ్లకే ఇంకా దారి దొరకలేదు.

ఇక్కడి విద్యార్థులు ఏం చేయాలి?

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ నిర్వహించే కేంద్ర రిజిస్టరు ఉంది. అందులో పేరున్నంత మాత్రాన అమెరికాలో లైసెన్సు రాదు. అక్కడ డిగ్రీ మూల్యాంకనం నుంచి మొదలుపెట్టాలి. అమెరికా వెళ్లి చదవాలనుకునేవారు ముందే ఇవి చూసుకోవాలి:

* కౌన్సెలింగ్ పీజీకి కాక్రెప్ గుర్తింపు ఉందా? 60 సెమిస్టర్ క్రెడిట్లు ఉన్నాయా? తక్కువ క్రెడిట్ల కోర్సు చౌకే కానీ, తర్వాత రాష్ట్రం మారితే ఇబ్బంది.
* సిలబస్‌లు, పర్యవేక్షణ గంటల లెక్కలు, సూపర్‌వైజర్ సంతకాలు ఎప్పటికప్పుడు భద్రపరచుకోండి. పదేళ్ల తర్వాత సంతకం కోసం ఆ సూపర్‌వైజర్ దొరకకపోవచ్చు.
* లైసెన్సు వేరు, పని చేసేందుకు వీసా అనుమతి వేరు. ఒకటి ఉంటే రెండోది వచ్చేసినట్టు కాదు.

యూనివర్సిటీ ర్యాంకు చూసి సీటు తీసుకోవడం మనకు అలవాటు. ఈ వృత్తిలో మాత్రం ముందు చూడాల్సింది రేపు మీరు స్థిరపడాలనుకునే రాష్ట్రం బోర్డు నిబంధనల్ని. ఫీజు కట్టకముందు ఒక్క సాయంత్రం కూర్చుని అవి చదివితే, తర్వాత ఏళ్లకేళ్లు వృథా కాకుండా ఉంటాయి.